ఆలోచిస్తాంలెండి

పైకప్పు ఉన్న బజారులో గొడుగుల దుకాణం నడిపిన వంశం మాది. నిజానికి మా తాత దుకాణం తెరిచినప్పుడు పైకప్పు లేదు. ఆ మరుసటి ఏడాదే బజారు సంఘంవాళ్ళు చందాలు వేసుకుని, ఈ చివర నుంచి ఆ చివరదాకా వాన చినుకు పడకుండా కప్పు వేయించారు. ఆ చందాలో మా తాత వాటా కూడా ఉంది. తన వ్యాపారం ముంచుకోవడానికి తానే డబ్బిచ్చిన మనిషి ఎవరని ఒసాకాలో మా బజారుకి వచ్చి అడిగితే ఇప్పటికీ నవ్వుతూ మా గుమ్మం చూపిస్తారు. కాబట్టి నేను, నిషివాకి చిగూసా, టోక్యోలో బంగారంలాంటి ఉద్యోగం మానేసి వచ్చి సొంత కంపెనీ పెట్టానంటే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోలేదు. రక్తంలోనే ఉంది, ఏం చేస్తాం అన్నారు.

తాత పోయాక మూతబడ్డ ఆ దుకాణం మీద గదే మా ఆఫీసు. కంపెనీలో ఇద్దరం. నేను, కుజే నవొతాకా. టోక్యోలో ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్ళం. నాకంటే నాలుగేళ్ళు చిన్న. ప్రోగ్రాములు రాయడం నా పని, మనుషులతో మాట్లాడడం అతని పని. కొత్తవాళ్ళ ముందు నా నోరు పెగలదు, పెగిలితే కొట్లాటే. మధ్యస్థంగా మాట్లాడడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. కుజే అలా కాదు. టోక్యోలో పుట్టి పెరిగినవాడు, గోడకి కూడా నమస్కారం పెట్టి పక్కకి తప్పుకునే రకం. అతను లేకపోతే నా కంపెనీ లేదు. అది నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

మేం తయారు చేసిన యంత్రం పేరు ముందుచూపు. దుకాణం ముందు ఒక చిన్న కెమెరా పెడతాం. అది వచ్చేపోయేవాళ్ళని లెక్కపెట్టుకుంటుంది. రేపటి వాతావరణం, సెలవులు, ఊళ్ళో బేస్‌బాల్ ఆట ఉందా లేదా, అన్నీ కలిపి సాయంత్రానికల్లా రేపు ఎంత సరుకు చేసుకోవాలో చెబుతుంది. మిగిలిపోయి పారబోసుకునే బాధ ఉండదు. టోక్యోలో ఒక పోటీలో దానికి మొదటి బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేతలు లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. వాళ్ళలో ఒక్కరు కూడా జన్మలో దుకాణంలో నిలబడి సరుకు అమ్మినవాళ్ళు కారని అప్పుడు నాకు తట్టలేదు.

శరత్కాలంలో బజారు నిండా ఉచితంగా కెమెరాలు పెట్టాం. మధ్యలో కొరొక్కెలు వేయించే ఉమెయో సాన్, అంటే ఉమెయో గారి, దుకాణం ఉంది. బంగాళాదుంప ముద్ద లోపల, కరకరలాడే పెచ్చు పైన. ఆవిడ డెబ్భై దాటిన మనిషి, పొయ్యి దగ్గర మాత్రం ఎవరినీ నిలబడనివ్వదు. ఒక్కో వాయి ఎప్పుడు దిగుతుందో యంత్రానికి తెలియాలని, ఆవిడ పొయ్యి పక్కన ఒక ఎర్ర బటన్ అంటించాం. వాయి తీసినప్పుడల్లా నొక్కమన్నాం. నొక్కితే సంగతి మాకు అందుతోందో లేదో చూసుకోవడానికి ఒక బుల్లి దీపం పెట్టుకున్నాం. అప్పటికి మా గదికి ఇంటర్నెట్ రాలేదు. బజారు ఆ చివర సెలూన్ నడిపే మినోబే సాన్ తన దాన్ని వాడుకోమన్నాడు. లెక్కలు కట్టే పెద్ద యంత్రాన్ని ఆయన సెలూన్లోనే ఉంచి, దీపాన్ని అద్దం పక్కన పెట్టాం. తర్వాత మా గదికి ఇంటర్నెట్ వచ్చింది, పెద్ద యంత్రం ఇక్కడికి మార్చుకున్నాం, దీపం సంగతి మరిచిపోయాం.

కొత్త సంవత్సరం దాటాక కుజే టై సర్దుకుని, మిఠాయి పెట్టెలు పట్టుకుని దుకాణం దుకాణం తిరగడం మొదలెట్టాడు. ఉచితం అయిపోయింది, ఇకమీద నెల చందా కట్టాలి. రోజూ సాయంత్రం మెట్లెక్కి వచ్చేసరికి అతని మొహం వెలిగిపోతూ ఉండేది.

"చిగూసా సాన్! ఈ రోజు టీ పొడి దుకాణంవారు ఆలోచిస్తామన్నారండి!"

"నిజంగా?"

"నిజంగానే. ఎంత మెచ్చుకున్నారనుకున్నారు! ఇంత తెలివైన యంత్రం తమ జీవితంలో చూడలేదన్నారు. చెప్పుల దుకాణంవారు కూడా ఆలోచిస్తామన్నారు. పచ్చళ్ళవారు సరేసరి."

గోడ మీద బజారు పటం ఉండేది. ఆలోచిస్తామన్న దుకాణం మీదల్లా కుజే ఒక ఆకుపచ్చ చుక్క అంటించేవాడు. జనవరి ఆఖరికి ఆ పటం చూస్తే కళ్ళకి చల్లగా ఉండేది. ఒక్కరు కూడా డబ్బు కట్టలేదు. ఆలోచిస్తున్నారు కదా, తొందరపెట్టకూడదు అనేవాడు కుజే. నేను తలూపి మళ్ళీ కీబోర్డు మీదకి వంగేదాన్ని. యంత్రం ఇంకా మెరుగు కావాలేమో అనుకుని, లేని మెరుగులన్నీ దిద్దాను.

ఒక్కటే నన్ను లోపల కొరుకుతూ ఉండేది. టోక్యోలో కుజే పాత పై అధికారి హాచియా అనే ఆయన, మార్చి ఆఖరుదాకా అతని కుర్చీ ఖాళీగా ఉంచుతానని మాటిచ్చాడు. ఏప్రిల్ వస్తే ఆఫీసులకి కొత్త ఏడాది, కొత్త మనుషులు. ఈలోగా కంపెనీ నిలబడకపోతే కుజే వెళ్ళిపోతాడు. వెళ్ళిపోవడమే న్యాయం కూడా. ఈ గదిలో నేను, తాత అమ్మకుండా మిగిల్చిన గొడుగులు మాత్రం ఉంటాం.

ఫిబ్రవరి నెలాఖర్లో కుజేకి జలుబు పట్టి గొంతు పూర్తిగా పోయింది. ఇంట్లో పడుకో అంటే వినడే. మూతికి మాస్కు కట్టుకుని, గుసగుసగా, "ఈ రోజు ఉమెయో సాన్‌ను కలుస్తానని మాటిచ్చానండి. మీరు మాట్లాడండి, నేను పక్కన వంగి నమస్కరిస్తాను," అన్నాడు. తప్పలేదు, దిగాను.

ఉమెయో సాన్ నన్ను చూడగానే పొయ్యి మీంచే కేక పెట్టింది.

"ఓహో, గొడుగుల తాత మనవరాలే! ఎన్నాళ్ళకి కిందకి దిగావే! వ్యాపారం ఎలా ఉంది?"

"ఏదో, అలా అలా. మీకెలా ఉంది?"

"ఇక్కడా అదే, అలా అలా."

నేను గొంతు సవరించుకుని, బట్టీ పట్టిన నాలుగు ముక్కలూ అప్పజెప్పాను. ముందుచూపు, నెలకింత చందా, మీవంటి పెద్దలు మొదట చేరితే మాకు గౌరవం. పక్కన కుజే నడుము రెండు మడతలు పెట్టి నిలబడ్డాడు. ఉమెయో సాన్ జల్లిగంటె పక్కన పెట్టి, ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది. కుజే వైపు తిరిగి మొహం చాటంత చేసుకుంది.

"బ్రహ్మాండం! బ్రహ్మాండమైన యంత్రం బాబూ! మొన్న మీరు చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నా. అంత తెలివి ఎక్కణ్ణుంచి వస్తుందో మీ తలల్లోకి! ఆలోచిస్తాంలెండి."

అని ఏప్రన్ జేబులోంచి రెండు పిప్పరమెంటు బిళ్ళలు తీసి మా చేతుల్లో చెరొకటి పెట్టింది. కుజే కళ్ళు మెరిశాయి. మాస్కు మీంచి నాకేసి చూసి, విన్నారా అన్నట్టు కనుబొమలెగరేశాడు.

విన్నాను. అతను వినని ముక్క కూడా విన్నాను.

దుకాణం దాటి నాలుగడుగులు వేశాక అతని చెయ్యి పట్టుకుని ఆపాను.

"కుజే, ఇన్నాళ్ళూ అందరూ ఇదే అన్నారా?"

"అవునండి. ఆలోచిస్తామని."

"ఆలోచిస్తామనా, ఆలోచిస్తాంలెండి అనా?"

అతను కాస్త ఆలోచించాడు. "లెండి అన్నట్టే ఉన్నారు. అందరూ అన్నారు. మీ ఒసాకావారు ఎంత మర్యాదస్తులో అనుకున్నాను."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, అతన్ని తన్నాలనిపించింది. మూడూ ఒకేసారి వచ్చి ఏదీ బయటికి రాలేదు. ఒసాకాలో చంటిపిల్లని అడిగినా చెబుతుంది, ఆలోచిస్తాం వేరు, ఆలోచిస్తాంలెండి వేరు. ఆ చివరి తోక ఉందే, అది తలుపు మూయడం. ఎదుటివాడి వేలు నలగకుండా, చప్పుడు కాకుండా, నవ్వుతూ మూయడం. పైన పిప్పరమెంటు బిళ్ళ ఒకటి. ఒకరి మాట ఇంకొకరు మోసుకొచ్చేటప్పుడు ఇలాంటి తోకలు దారిలో రాలిపోతాయి. కుజే రోజూ సాయంత్రం నాకు తోకలు తెగిన మాటలు తెచ్చి పోసేవాడు. నేను వాటికి మురిసిపోతూ కూచున్నాను.

డ్రింకుల మిషన్ పక్కన బల్ల ఉంటే కూర్చోబెట్టి చెప్పాను. పిల్లాడికి చెప్పినట్టు, ఒక్కొక్క ముక్కే. విన్నాడు. చేతిలో బిళ్ళని అటూ ఇటూ తిప్పాడు.

"అయితే టీ పొడి దుకాణంవారు..."

"వద్దన్నారు."

"చెప్పులవారు?"

"వద్దన్నారు."

"పచ్చళ్ళవారు రెండుసార్లు లెండి అన్నారు. ఆలోచిస్తాంలెండి, చూద్దాంలెండి అని."

"వాళ్ళు నిన్ను మళ్ళీ రావద్దన్నారు."

కుజే బిళ్ళని జేబులో వేసుకున్నాడు. గొంతులేని గొంతుతో మెల్లగా, "టోక్యోలో ఆలోచిస్తామంటే ఆలోచిస్తారండి," అన్నాడు.

"నిజంగా ఆలోచిస్తారా?"

"ఒక్కోసారి." మాస్కు సవరించుకుని, "వద్దని ఒక్కరైనా చెప్పొచ్చు కదా, చిగూసా సాన్?"

"చెప్పారు కుజే. ఒక్కరు కూడా మానకుండా అందరూ చెప్పారు."

ఆ సాయంత్రం గదిలో అతను పటం ముందు నిలబడి ఆకుపచ్చ చుక్కలు ఒక్కొక్కటే గోటితో గీకి తీసేశాడు. చింపకుండా, జాగ్రత్తగా. నేను చూడలేక కిటికీ వైపు తిరిగాను. చుక్కలన్నీ అయ్యాక కాళ్ళు దగ్గరగా పెట్టి, టోక్యో పద్ధతిలో నిలబడి, "హాచియా సాన్‌కు తిరిగి వస్తానని చెప్పనా?" అని అడిగాడు. చెప్పు అన్నాను. ఇంకేం అనాలి? నీ కడుపు మాడ్చుకుని నా పక్కన కూర్చో అనాలా? మంగళవారం పొద్దున పదకొండింటికి ఆయనే ఫోన్ చేస్తాడని కబురొచ్చింది.

సోమవారం బజారంతా తిరిగి కెమెరాలు వెనక్కి తీసుకున్నాం. ఒక్కరైనా అయ్యో అనలేదు. ఎంత మంచి యంత్రమో అన్నారు, పాపం అన్నారు, బిళ్ళలిచ్చారు. ఉమెయో సాన్ తన కెమెరాని పూల గుడ్డలో మూటకట్టి ఉంచింది.

"నూనె పడుతుందేమోనని మొదటి రోజే గుడ్డ కప్పేశా. చూడు, కొత్తదానిలా ఉంది!"

మా ముందుచూపు ఆర్నెల్లపాటు పూల గుడ్డ వెనకాల కూర్చుని భవిష్యత్తు చెప్పిందన్నమాట. కుజే వంగి కృతజ్ఞతలు చెప్పాడు. చచ్చిన యంత్రానికి ఇంతకంటే మర్యాదగా అంత్యక్రియలు ఎవరూ చేసుండరు. పొయ్యి పక్కన బటన్ మాకు గుర్తే రాలేదు. సెలూన్‌కి సోమవారం సెలవు, అటు వెళ్ళే పనే పడలేదు. సాయంత్రం గదిలో పెద్ద యంత్రం తీగ పీకేశాను. దాని చిన్న ఫ్యాను ఇంకాసేపు తిరిగి ఆగిపోయింది. ఆ గదిలో ఇంత నిశ్శబ్దం ఉంటుందని అప్పుడే తెలిసింది. ఏడ్చాను. కుజే ఎదుటే ఏడ్చాను. అతను జేబురుమాలు ఇచ్చి అటు తిరిగి నిలబడ్డాడు.

మంగళవారం పొద్దున అతను పెట్టె సర్దుకుంటూ ఉంటే మెట్ల మీద దబదబా అడుగుల చప్పుడయింది. తలుపు కొట్టడం లాంటివేం లేవు. ఒంటి మీద తెల్లకోటు, చేతిలో దువ్వెనతో మినోబే సాన్ లోపలికి వచ్చాడు.

"ఎవడు ఆర్పాడు?"

"మినోబే సాన్, శుభోదయమండి..." అన్నాడు కుజే.

"శుభోదయం తర్వాత! నా దీపం ఎవడు ఆర్పాడు?"

కుజే నడుము దానంతటదే వంగింది. "ఘోరమైన తప్పిదం జరిగినట్టుంది. మన్నించాలి. తమరు ఏ దీపం గురించి..."

"ఏ దీపమేంటయ్యా! నా అద్దం పక్కన పెట్టిపోలా? ఎర్రది! కొరొక్కెల దీపం!"

"అది పరీక్ష కోసం పెట్టినదండి..."

"పరీక్షో గిరీక్షో నాకు తెలీదు. ఉమెయో వాయి తీస్తే వెలుగుద్ది, అంతవరకూ తెలుసు. వెలగ్గానే కుర్చీలో ఉన్నోడు తొందరగా కానియ్ అంటాడు. వరసలో ఉన్నోడు లేచి పరిగెత్తుకెళ్ళి అందరికీ వేడివేడిగా పట్టుకొస్తాడు. కొత్త సంవత్సరం నుంచీ ఇదే భాగోతం. స్టేషన్ అవతల్నుంచి కూడా వచ్చి కూర్చుంటున్నారు. జుట్టు లేనోళ్ళు కూడా వస్తున్నారయ్యా నా సెలూన్‌కి! ఇవాళ పొద్దున్నుంచీ వెలగలా. ఒకడు సగం గడ్డంతో కూర్చుని ఉన్నాడు. దీపం వెలిగితేగానీ మిగతా సగం గీయించుకోడట!"

మేం నోరు తెరిచేలోపు మెట్ల మీద ఇంకో చప్పుడు. ఉమెయో సాన్. ఏప్రన్‌తోనే వచ్చింది. గోడ నుంచి పీక్కొచ్చిన ఎర్ర బటన్‌ని ఎలకని తోక పట్టుకుని మోసినట్టు పట్టుకొచ్చింది.

"ఇది చచ్చిపోయింది! నొక్కాను, ఒక్కడూ రాలా. మళ్ళీ నొక్కాను, ఒక్కడూ రాలా. ట్రే నిండా చల్లారిపోయి గడ్డకట్టుకుపోయాయి. ఊళ్ళో జనమంతా ఏమైపోయారోనని హడలిపోయా!"

కుజే మళ్ళీ వంగి, "ఉమెయో సాన్, ఆ బటన్ కేవలం యంత్రానికి నేర్పడానికండి..."

"ఎవరికి ఏం నేర్పుతుందో నాకెందుకు బాబూ? నొక్కితే జనం వస్తారు. ఎలా వస్తారని నేనడిగానా? యంత్రం కదా, రప్పిస్తోంది అనుకున్నా. ఆ కెమెరా పట్టుకెళ్ళావు, పట్టుకెళ్ళు, దిక్కుమాలింది. దీని జోలికి ఎందుకొచ్చావు?"

మినోబే సాన్ ఆవిడకేసి తిరిగాడు. "యంత్రం రప్పించడమేంటి? ఆ వచ్చేదంతా నా సెలూన్ జనం."

"నీ జనమా?"

"మరి?"

"ఇన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదేం?"

"నువ్వడిగావా?"

వాళ్ళిద్దరూ అరుచుకుంటూ ఉంటే నేను వెళ్ళి పెద్ద యంత్రం తీగ గోడకి గుచ్చాను. ఫ్యాను తిరగడం మొదలైంది. ఆరు నెలల్లో ఈ బజారు మమ్మల్ని తిట్టడం ఇదే మొదటిసారి.

నాకు మా తాత గుర్తొచ్చాడు. బజారుకి కప్పు పడ్డాక కూడా ఆయన దుకాణం ముప్ఫై ఏళ్ళు నడిచింది. దాని గురించి మా ఇంట్లో ఎవరం ఎప్పుడూ ఆలోచించలేదు, నవ్వుకోవడంతోనే సరిపోయింది. మా దుకాణం బజారు చిట్టచివర ఉంది. కప్పు అక్కడితో ఆగిపోతుంది. స్టేషన్‌కి ఇంకా సగం దూరం ఉంటుంది. లోపలంతా పొడిపొడిగా నడుచుకుంటూ వచ్చిన జనం సరిగ్గా మా గుమ్మం ముందు ఆగి ఆకాశంకేసి చూసేవాళ్ళు. వాన రోజున గొడుగులు అయిపోతే తాతని తిట్టేవాళ్ళు. చిన్నప్పుడు నేను విన్నాను, గొడుగులవాడివై ఉండి గొడుగుల్లేవంటావేమయ్యా అని. తాత తిట్లు పడుతూ ఎందుకంత హుషారుగా ఉండేవాడో ఇప్పుడు తెలిసింది. ముందుచూపుని ఒక్కరూ తిట్టలేదు. పొగిడారు. పొగడడానికి ఎవరికీ ఏమీ ఖర్చు కాదు.

"ఉమెయో సాన్, ఒకసారి నొక్కండి," అన్నాను.

ఆవిడ నొక్కింది. కాసేపటికి కింద సందులో ఎవరో పరిగెత్తుకొచ్చిన చప్పుడు. కిటికీలోంచి చూస్తే, మెడకి తెల్లగుడ్డ, ఒక చెంప మీద నురగతో ఒకాయన నిలబడి ఉన్నాడు.

"దీపం వెలిగింది! కొరొక్కెలవాళ్ళు ఏరీ? దుకాణంలో పురుగు లేదు!"

"వస్తున్నా, చావకు!" అని కేకేసింది ఉమెయో సాన్. కానీ కదల్లేదు. మినోబే సాన్ కదలకుండా ఆవిడ ఎందుకు కదులుతుంది?

"సరే," అన్నాడు మినోబే సాన్, దువ్వెన కోటు జేబులో పెట్టుకుంటూ. "మళ్ళీ ఆరిపోకుండా ఉండాలంటే నెలకి ఎంత?"

కుజే సంబరంగా, "లేదండి, తమకు ఉచితంగానే..." అనబోయాడు. అతని కాలు తొక్కాను, గట్టిగానే.

"రెండు క్షవరాల ఖరీదు," అన్నాను.

"రెండా! బుర్ర ఉందా నీకు? బుల్లి దీపానికి రెండు క్షవరాలా? ఒకటి చెయ్యి."

"ఒకటికి కుదరదు."

"నిలువు దోపిడీ! మీ తాతే నయం. ఒకటిన్నర ఇస్తా, ఇంకో దీపం బయట గుమ్మం మీద కూడా పెట్టు."

"నాకు మాత్రం ఊరికే ఇవ్వాలి," అంది ఉమెయో సాన్. "నొక్కే వేలు నాది. ఆ టోఫూ వాడు కూడా అడుగుతున్నాడు, బటన్ ఎక్కడ దొరుకుతుందని. వాడికి చెప్పమంటావా వద్దా? చెప్పాలంటే ఊరికే ఇవ్వాలి."

కుజే నా చెవి దగ్గరికి వంగాడు. మొహం పాలిపోయి ఉంది. "చిగూసా సాన్, చాలా ఖరీదంటున్నారు. మళ్ళీ వద్దంటున్నారండి."

"నిన్ను పొగిడారా?"

"లేదండి."

"ఆలోచిస్తాంలెండి అన్నారా?"

"లేదు."

"తిట్టారా?"

"చాలా."

"అయితే కొంటున్నారు. ఈ బజారులో అక్కర్లేనిదానికి బేరమాడేంత ఓపిక ఎవరికీ లేదు."

అతను నాకేసి చూశాడు. తర్వాత వాళ్ళకేసి చూశాడు. బయట సందులో సగం గడ్డం ఆయన, దీపం వెలిగించి మనుషులు మాయమైతే ఎలాగని ఎవరితోనో మొరపెట్టుకుంటున్నాడు. కుజే మొహంలో ఏదో మెల్లగా మారుతోంది. సరిగ్గా అప్పుడే అతని జేబులో ఫోన్ మోగింది.

పదకొండయింది. హాచియా.

కుజే ఫోన్ తీసి నిటారుగా నిలబడ్డాడు. కనబడని మనిషికి తల వంచి నమస్కారం పెట్టాడు. గదిలో అందరం నోళ్ళు మూసుకున్నాం. మినోబే సాన్‌కి సంగతి తెలియదు, అయినా ఊపిరి బిగబట్టాడు. కష్టం ఉన్నచోట మాట్లాడకూడదని మా బజారులో ఎవరూ నేర్పక్కర్లేదు.

"అవునండి... కుజేనేనండి... తమరు ఇంతకాలం నా కోసం ఆ స్థానం ఉంచడం నాకెంతో గౌరవమండి..."

అవతల గొంతు గలగలా ఏదో చెప్పింది. ఏప్రిల్ అన్న మాట వినిపించింది. కుజే తలూపుతూనే ఉన్నాడు. వెళ్ళిపోతాడు అనుకున్నాను. ఒక దీపం, ఒక బటన్, తేలని బేరం. ఇంత చూసి ఎవడుంటాడు? నేనైతే ఉండను. ఉండమని అడగడానికి నాకు నోరు కూడా రాదు.

"తమరు చెప్పింది పూర్తిగా అర్థమైందండి," అన్నాడు కుజే. "నేను ఆలోచిస్తాను."

టోక్యో ఆలోచిస్తాను. తోక లేనిది. నిజంగానే ఆలోచించే మనిషి అతను, ఆలోచిస్తే వెళ్ళాల్సిందే.

కుజే ఉమెయో సాన్ చేతిలోని ఎర్ర బటన్ వైపు చూశాడు. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు.

"...లెండి," అన్నాడు.

ఉమెయో సాన్ ఏప్రన్ నోట్లో కుక్కుకుంది. మినోబే సాన్ గోడ వైపు తిరిగాడు, ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఫోన్‌లోంచి హాచియా ఆనందం గదంతా వినిపించింది. చాలా సంతోషం కుజే, మంచి కబురు కోసం ఎదురుచూస్తుంటాం అంటున్నాడు. కుజే మూడుసార్లు నమస్కారం పెట్టి ఫోన్ పెట్టేశాడు. చెవుల చివర్లు ఎర్రబడ్డాయి.

"సరిగ్గా అన్నానా?" అని నన్నడిగాడు.

నేను తలూపాను. జేబులో నిన్నటి జేబురుమాలు వెతుక్కుంటున్నాను.

ఉమెయో సాన్ వచ్చి అతని అరచేతిలో పిప్పరమెంటు బిళ్ళ పెట్టి వేళ్ళు మూసింది. "యాస చండాలంగా ఉంది బాబూ. అయినా పర్లేదు, అర్థమైంది. పాపం, ఆ టోక్యో ఆయనకే అర్థం కాలేదు. ఉత్తరం రాసెయ్, మర్యాదగా, విడమరిచి."

"రాస్తానండి," అన్నాడు కుజే.

మినోబే సాన్ కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొహం ముడిచాడు.

"సరే సరే, ఎక్కడిదాకా వచ్చాం? ఒకటిన్నర దగ్గర కదా?"

"రెండు దగ్గర," అన్నాడు కుజే.